బండికో చోటు, పనికో చోటు

కొత్త ఇల్లు కట్టుకుంటున్నామంటే చాలు, ముందు దేవుడి గది ఎక్కడ అని అడుగుతాం. తరువాత వంటిల్లు ఆగ్నేయంలో కుదిరిందా లేదా అని చూస్తాం. పడకగదులూ, హాలూ, మెట్లూ అన్నీ అయ్యాక, ప్లాను కాగితం మీద ఒక పక్కన మిగిలిన ముక్కకి 'షెడ్డు' అని రాసేసి చేతులు దులుపుకుంటాం. అక్కడ కారు పెడతారా, స్కూటరు పెడతారా, పాత మంచం పెడతారా, కొబ్బరి పీచు పెడతారా అన్నది గృహప్రవేశం అయ్యాక చూసుకుంటారన్న మాట!

ఈ వారం ఆ షెడ్డు సంగతే మాట్లాడుకుందాం. ఆత్మకూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇందుకు కారణం. ఆమె పుట్టిల్లు ఉదయగిరి. అత్తవారు ఆత్మకూరులో దక్షిణం రోడ్డు ఉన్న స్థలంలో ఇల్లు కడుతున్నారు. ఒక చిన్న కారు, ఒక స్కూటరు ఉన్నాయి. భర్తకి రిపేరు పనుల సరదా. స్పానర్లూ, ప్లయర్లూ, పాత మోటార్లూ ఇంటినిండా ఉంటాయట. ఆమెకి చెక్క చెంచాలు, గరిటెలు చేసే పని వచ్చు. పెళ్లికి ముందు నేర్చుకున్నది. పిల్లల ఫీజులకి ఆ డబ్బు అక్కరకొస్తోంది. ఇప్పుడు అద్దె ఇంట్లో ఆ పని ఎక్కడ చేస్తున్నారో తెలుసా? వంటింటి గుమ్మంలో!

"కొత్త ఇంట్లో షెడ్డు ఎంత ఉండాలి, పనిబల్ల ఎక్కడ వేయాలి అని ఆయనా మేస్త్రీ మాట్లాడుకుంటున్నారు. నా చెక్కపని సంగతి అడిగితే, 'షెడ్డులో ఏదో ఒక మూల చేసుకుందువులే' అన్నారు. ఆ మూల ఎక్కడో నాకు కాగితం మీద కనిపించడం లేదండీ" అని రాశారామె.

చూశారా, ఎంత సూటిగా అన్నారో! కాగితం మీద లేని మూల ఇంట్లో కూడా ఉండదు. కారుకి పొడవూ వెడల్పూ కొలిచి చోటిస్తాం. ఇల్లాలి పనికి మాత్రం 'ఏదో ఒక మూల' అంటాం. కారు రూపాయి సంపాదించదు. ఆమె ఉలి సంపాదిస్తోంది.

ఉదయగిరి చెంచా చిన్నదేం కాదు

ఉదయగిరి అనగానే కొండమీది దుర్గం గుర్తుకొస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి 1514లో గెలుచుకున్న కోట అది. ఆ కొండ కింద ఊళ్లో కొన్ని కుటుంబాలు తరతరాలుగా చెక్కతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, పళ్లేలు చేస్తున్నాయి. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి, కల్ది వంటి కర్రలు వాడతారు. ఈ పనిలో ఆడవాళ్ల చేయి చాలా ఉంది. ఇంటి పని చూసుకుంటూనే రంపం, ఉలి, ఆకురాయి పట్టుకుంటారు. ఉదయగిరి చెక్క చెంచాలకి మన దేశంలో భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అంటే ఆ పేరు పెట్టి ఎక్కడ పడితే అక్కడ చేసి అమ్మడానికి వీల్లేదన్న మాట. తిరుపతి లడ్డూకీ, పోచంపల్లి ఇక్కత్‌కీ ఉన్న లాంటి గుర్తింపే ఇది.

ఇంత పేరున్న పనికి ఇంట్లో నాలుగడుగుల చోటు అడగడానికి మొహమాటం ఎందుకు? చెక్కపనే కానక్కరలేదు. మీది కుట్టుమిషను కావచ్చు, అప్పడాల పని కావచ్చు, విస్తర్లు కుట్టడం కావచ్చు. కింద చెప్పేది అందరికీ పనికొస్తుంది.

ముందు ముగ్గు పోయండి

మన నెల్లూరు వైపు స్థలం అంకణాల్లో చెప్పుకోవడం అలవాటు. షెడ్డు దగ్గరకొచ్చేసరికి అంకణాలు పనికిరావు. అడుగులూ అంగుళాలే కావాలి. ఒక టేపు తీసుకుని, షెడ్డులో పెట్టాల్సిన ప్రతి వస్తువునీ కొలవండి. చిన్న కార్లు సాధారణంగా 11 నుంచి 13 అడుగుల పొడవు, 5 నుంచి 6 అడుగుల లోపు వెడల్పు ఉంటాయి. స్కూటరుకి 7 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు చాలు. కారు తలుపు తెరిచి మనిషి దిగాలంటే పక్కన రెండున్నర అడుగులు ఖాళీ ఉండాలి. చాలామంది మరిచిపోయేది ఈ రెండున్నర అడుగులే! కారు లోపలికి పోతుంది, మనిషి బయటికి రాలేడు.

కొలతలు రాసుకున్నాక పాత క్యాలెండరు వెనక గళ్లు గీసి, ఒక గడి ఒక అడుగు అనుకోండి. కారుకీ, స్కూటరుకీ, బల్లకీ అదే లెక్కన అట్టముక్కలు కత్తిరించి, ఆ గళ్ల మీద జరిపి చూడండి. పిల్లలకి ఇస్తే వాళ్లే ఆడుతూ ఆడుతూ మంచి ప్లాను చెబుతారు.

ఆ తరువాత స్థలం దగ్గరికి వెళ్లి నేలమీద ముగ్గు పోయండి. అచ్చంగా అసలు కొలతలతో. కారు ఇక్కడ, స్కూటరు ఇక్కడ, బల్ల ఇక్కడ, తలుపు ఇలా తెరుచుకుంటుంది అని. ఆ గీతల మధ్య బిందె చంకనెత్తుకుని నడిచి చూడండి. తగులుతోందా, తిరగడానికి వీలుందా అన్నది అప్పుడే తెలిసిపోతుంది. గీత చెరిపి మళ్లీ పోయడానికి గుప్పెడు ముగ్గు ఖర్చు. గోడ పడగొట్టి మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో మీ మేస్త్రినే అడగండి.

ఆ సోదరి షెడ్డు ఇలా ఉండొచ్చు

ఆమె స్థలానికి రోడ్డు దక్షిణాన ఉంది. కనుక షెడ్డుని పడమటి వైపు, దక్షిణం నుంచి ఉత్తరానికి పొడవుగా వేసుకోవచ్చు. లోపలి కొలత 12 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు అనుకుందాం. ముందు 16 అడుగులు బండ్లకి. తరువాత ఒక అడ్డగోడ. దాని వెనక 8 అడుగులు పనిగది.

వాయవ్యంలో పనిగది అయితే వాస్తు చూసే పెద్దవాళ్లూ అభ్యంతరం చెప్పరు. వాస్తు మాట ఎలా ఉన్నా ఇందులో మరో లాభం ఉంది. ఆత్మకూరు, ఉదయగిరి ఎండల సంగతి మీకు చెప్పాలా? మే నెల సాయంత్రం పడమటి గోడ మీద చేయి పెడితే కాలుతుంది. షెడ్డు పడమట ఉంటే ఆ ఎండనీ, వడగాలినీ అదే కాస్తుంది. పడకగది చల్లగా ఉంటుంది.

బండ్ల వైపు లెక్క చూద్దాం. రోడ్డు నుంచి లోపలికి వస్తే ఎడమ గోడకి స్కూటరు, 3 అడుగులు. దానికీ కారుకీ మధ్య ఒక అడుగు. కారు అయిదున్నర. మన కార్లలో నడిపేవారు కుడివైపు కూర్చుంటారు కనుక కుడి పక్క దిగడానికి రెండున్నర. మొత్తం 12 సరిపోయింది. ఎడమ పక్క కూర్చునేవాళ్లు మాత్రం కారు లోపలికి పోకముందే దిగాలి. పొడవులో కారుకి 13, ముందూ వెనకా ఒకటిన్నర చొప్పున కలిపి 16.

ఇక పనిగది. 12 అడుగుల పొడుగునా ఉత్తరం గోడ దొరుకుతుంది. అక్కడ కిటికీ, దాని కింద 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు పనిబల్ల. ఉత్తరం వెలుతురులో నేరుగా ఎండ పెద్దగా పడదు, నీడలు గంటగంటకీ అంతగా మారవు. చెక్కపనికైనా కుట్టుపనికైనా అంతకంటే మంచి వెలుతురు లేదు. కాకపోతే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వాయుగుండాల వానలు ఈశాన్యం నుంచే కొడతాయి. అందుకని ఆ కిటికీకి రెండడుగుల సన్‌షేడు తప్పనిసరి.

అడ్డగోడకి ఒకటిన్నర అడుగుల లోతు గూళ్లు. కర్రలు అక్కడ ఆరతాయి. పచ్చికర్ర చెక్కడానికి మెత్తగా ఉంటుంది కానీ, త్వరగా ఆరితే పగులుతుంది. వేడెక్కే పడమటి గోడకి ఆనిస్తే పగుళ్లు ఖాయం. అడ్డగోడ నీడలో నెమ్మదిగా ఆరనివ్వాలి. కర్ర కొసలకి కొవ్వొత్తి కరిగించి పూస్తే చీలడం తగ్గుతుంది. అట్టడుగు గూడు నేలకి ఒక అడుగు ఎత్తున రాతిబండతో ఉండాలి. లేకపోతే చెదలు మీకంటే ముందే చెక్కపని మొదలుపెడతాయి.

బల్లకి రెండు, గూళ్లకి ఒకటిన్నర పోను మధ్యలో నాలుగున్నర అడుగులు మిగిలింది. పీట వేసుకుని కింద కూర్చుని చెక్కడానికి అది హాయిగా సరిపోతుంది. తూర్పు గోడకి తలుపు పెట్టి పెరట్లోకి తెరిస్తే, వంటింటి వెనక గుమ్మం నుంచి నాలుగు అడుగుల్లో పనిగదికి చేరుకోవచ్చు. కారు పక్క నుంచి దూరి వెళ్లక్కరలేదు. పొయ్యిమీద పప్పు పొంగితే పరుగెత్తి రావచ్చు కూడా!

మరి ఆయన సామాను? బల్లకి ఒక కొస ఆయనది, ఒక కొస ఆమెది. ఆయన వైసు కుడి కొసన బిగించుకోవచ్చు. స్పానర్లు గోడమీద పలకకి మేకులు కొట్టి తగిలించి, ఒక్కొక్కదాని చుట్టూ పెన్సిలుతో గీత గీస్తే, ఏది తిరిగి రాలేదో ఇట్టే తెలిసిపోతుంది. పాత మోటార్లకి బండ్ల వైపు, తల తగలనంత ఎత్తున అటక వేయించండి. నూనె, గ్రీజు అంటిన చేతులు చెంచాల దగ్గరికి రాకూడదన్న ఒక్క నియమం ముందే పెట్టుకోండి. నోట్లో పెట్టుకునే వస్తువులవి.

మెట్టు తగ్గించడంలో మర్మం

"అమ్మా, ఇంటి ఎత్తే షెడ్డుకీ పెట్టేద్దామా? చూడ్డానికి ఒక్కటిగా ఉంటది" అంటాడు మేస్త్రి. "వద్దు మేస్త్రీ, తగ్గించు" అని గట్టిగా చెప్పండి.

ఇంటి గచ్చు రోడ్డుకి రెండడుగుల ఎత్తున ఉంటే షెడ్డు గచ్చు అర అడుగు ఎత్తు చాలు. దీనికి మూడు కారణాలు. ఒకటి, బండి ఎక్కే వాలు. అంగుళం ఎత్తుకి ఎనిమిది అంగుళాల వాలు అనుకుంటే, అర అడుగుకి నాలుగడుగుల వాలు సరిపోతుంది. రెండడుగులకైతే పదహారు అడుగులు కావాలి. అంత చోటు ఎక్కడిది? రెండు, షెడ్డు కడిగిన నీళ్లు ఇంట్లోకి రావు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. అది నేలబారుగా పాకుతుంది. షెడ్డు పల్లంగా ఉంటే ఆ ఆవిరి ఇంట్లోకి, పొయ్యి దగ్గరికి రాదు. అది బయటికి పోవడానికి గోడ అడుగున జాలీ రాళ్లు రెండు మూడు పెట్టించండి. పైన ఒక్కటే కిటికీ ఉంటే చాలదు.

వంటగ్యాసు కూడా గాలికంటే బరువే. అందుకని ఖాళీ లేదు కదా అని నిండు సిలిండరు తీసుకెళ్లి షెడ్డులో పెట్టకండి. అక్కడ మోటారు నిప్పురవ్వ ఒక్కటి చాలు.

గచ్చు నున్నటి పాలిష్ రాయి వద్దు. మనకి కడప బండలు దగ్గరే కనుక వేయించేద్దామనిపిస్తుంది. నునుపు పట్టిన బండమీద పొట్టు పడితే కాలు జర్రున జారుతుంది. గరుకు సిమెంటు గచ్చు మేలు. పది అడుగులకి అంగుళం పైచిలుకు వాలు రోడ్డు వైపుకి ఇవ్వండి.

గాలీ, దుమ్మూ, కరెంటూ

ఇక్కడ కాస్త శ్రద్ధగా చదవండి. వంటింటి గుమ్మంలో చెక్కపని వద్దని నేను ఇంతగా చెప్పడానికి కారణం అన్నంలో పొట్టు పడుతుందని మాత్రమే కాదు. ఆకురాయి పట్టినప్పుడు, ఉప్పుకాగితంతో రుద్దినప్పుడు లేచే సన్నటి దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది. ఇంగ్లండులో హై వికోమ్ అనే ఊరు కుర్చీల తయారీకి ప్రసిద్ధి. అక్కడి చెక్కపనివాళ్లకి ముక్కు లోపలి క్యాన్సరు ఎక్కువగా వస్తోందని వైద్యులు 1960ల్లో గమనించారు. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సరు పరిశోధన సంస్థ, చెక్కదుమ్ము మనుషుల్లో క్యాన్సరు కలిగించేదేనని తేల్చింది. కంగారు పడి పని మానేయమని దీని అర్థం కాదు. ఏళ్ల తరబడి చేసే పని కనుక చోటూ జాగ్రత్తా కావాలని అర్థం. పసిపిల్లని పక్కన పడుకోబెట్టుకుని చెక్క రుద్దకూడదని అర్థం.

ఉత్తరం గోడలో, ఇంటికి దూరంగా ఉండే కొసన, దుమ్మును బయటికి లాగే ఫ్యాను పెట్టించండి. ముక్కుకి పైటకొంగు చాలదు. మందుల షాపులో దొరికే ఎన్95 మాస్కు కట్టుకోండి. సాయంత్రం చీపురుతో ఊడిస్తే దుమ్మంతా మళ్లీ లేస్తుంది. తడిబట్టతో తుడవండి. పనికో పాత జాకెట్టూ, చీరా పెట్టుకుని, అవి మార్చుకున్నాకే వంటింట్లోకి రండి.

డ్రిల్లింగు మిషను, కోత మిషను వాడేవాళ్లు పైట బిగించి దోపుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. చేతి గాజులు తీసి పక్కన పెట్టాలి. గాజులు తీస్తే అశుభమని ఎవరైనా అంటే, వేలు పోతే ఏ శుభమో అడగండి. తిరిగే మిషను దగ్గర చేతికి గ్లౌజులు కూడా వద్దు. చేతిని లోపలికి లాగేస్తాయి.

కారు ఇంజను షెడ్డు తలుపు మూసి స్టార్టు చేయకూడదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు. కళ్లు తిరిగేదాకా తెలియదు. కనుక బండ్లకీ పనిగదికీ మధ్య అడ్డగోడ పైకప్పు దాకా ఉండాలి. సగం గోడ కట్టి ఊరుకోకండి.

కరెంటుకి పనిగదికి మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను లాగించండి. దానికి వేరే ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టమని ఎలక్ట్రీషియన్ని అడగండి. ఎక్కడైనా కరెంటు మనిషి ఒంట్లోంచి లీకయితే అది రెప్పపాటులో లైను కట్ చేస్తుంది. ఎర్తింగు సరిగ్గా ఉండాలన్నది సరేసరి. 16 ఆంపియర్ల ప్లగ్గులు రెండు బల్లకంటే ఎత్తున పెట్టించండి. గది మొత్తానికి ఒక స్విచ్చి తలుపు పక్కన, పిల్లలకి అందనంత ఎత్తులో ఉంటే, బయటికి రాగానే అన్నీ ఒకేసారి ఆపేయవచ్చు.

బల్ల ఎత్తు ఎవరి ఎత్తు?

బల్లలు సాధారణంగా మగవాళ్ల ఎత్తుకి చేస్తారు. మీరు నిలబడి మోచేయి వంచండి. మోచేతికి నాలుగు అంగుళాల కింద మీ బల్ల ఉండాలి. అయిదడుగుల మనిషికి అది సుమారు 33 అంగుళాలు. ఆయన పొడగరి అయితే ఆయన వైసు కింద చెక్కదిమ్మ పెట్టి ఎత్తు చేసుకోవచ్చు. బల్ల ఎత్తు చేయడం సులువు, నడుం నొప్పి తగ్గించడం కష్టం.

డబ్బు చాలకపోతే?

అన్నీ ఒకేసారి అక్కరలేదు. కానీ తరువాత చేయలేనివి ముందు చేయాలి. పునాది, గచ్చు వాలు, అడ్డగోడ, ఉత్తరం కిటికీ, గోడలో కరెంటు పైపులు ఇప్పుడే పడాలి. గూళ్లు, అటక, ఫ్యాను మెల్లగా వస్తాయి. పైకప్పుకి ఇప్పటికి రేకులు వేసినా, ఆస్‌బెస్టాస్ రేకులు వద్దు. వాటిని కోసినా, చిల్లులు వేసినా లేచే పొడి ఊపిరితిత్తులకి హాని. ఇనుప రేకులు వేసి, గోడకీ రేకుకీ మధ్య గాలి ఆడేలా సందు వదిలి, పైన తెల్లసున్నం కొట్టిస్తే వేడి కొంత తగ్గుతుంది. చల్లగా ఉంటుందని తాటాకు మాత్రం కప్పకండి. పొట్టూ నూనే ఉండే చోట ఆకు కప్పు ప్రమాదం.

షెడ్డు ప్రహరీకి ఆనించి కట్టవచ్చా, ఎంత వదలాలి అన్నది మీ పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ముందే కనుక్కుని, ప్లానులో చూపించండి. పొరుగువారి పడకగది పక్కనే మిషను మోత రాకుండా చూసుకోవడం కూడా మర్యాద.

చివరిగా, ఆ సోదరికి నా సలహా ఒక్కటే. ప్లాను కాగితం తెప్పించుకుని, ఆ వెనక గదిమీద 'పనిగది' అని పెన్నుతో రాయించండి. పొడవూ వెడల్పూ కూడా వేయించండి. పోట్లాడి కాదు, నవ్వుతూనే. "ఏమండీ, మీ కారుకి పదహారు అడుగులిచ్చాను కదా, నాకు ఎనిమిది ఇవ్వండి" అంటే కాదనే భర్త ఉండడు. ఉంటే, కిందటి నెల ఫీజు ఎవరు కట్టారో గుర్తు చేయండి!

చిన్న చిట్కాలు

* అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్లలో తడిపి పారేయండి.

* పెట్రోలు, థిన్నరు, రంగుల డబ్బాలకి తాళం వేసే బీరువా ఉండాలి. కూల్‌డ్రింకు సీసాల్లో అవి పోసి పెట్టడం పిల్లల ప్రాణాలమీదికి తెస్తుంది.

* చెక్క గరిటెలు సింకులో నానబెట్టకండి. వెంటనే కడిగి నీడలో ఆరబెట్టండి. నెలకోసారి కాస్త కొబ్బరినూనె రాస్తే పగలవు. నాన్‌స్టిక్ పెనం మీద గీతలు పడకుండా ఉండాలంటే వీటికి మించినవి లేవు. ఈసారి గరిటె కొనేటప్పుడు ఉదయగిరిది దొరుకుతుందేమో అడగండి.